"స్వల్ప ఎడిటింగ్" అంటే ఎంత? ఫోటో పోటీల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

అమెచ్యూర్ ఫోటోగ్రఫీ పోటీలు నిర్వహించేవారికి, వాటిలో న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారికి నమస్కారం.

ఫోటోగ్రఫీ నా వృత్తి కాదు. పని నుంచి తీరిక దొరికినప్పుడు కెమెరా పట్టుకుంటాను. ఏడాదికి రెండు మూడు పోటీలకు ఫోటోలు పంపుతాను. అప్పుడప్పుడు ఒకటి ప్రదర్శనకు ఎంపికవుతుంది, ఎక్కువసార్లు కాదు. బహుమతి రాలేదన్న బాధతో ఈ లేఖ రాయడం లేదు. మీ ప్రకటనల్లో తరచూ కనిపించే ఒక చిన్న వాక్యం గురించి రాస్తున్నాను: "స్వల్ప ఎడిటింగ్‌కు అనుమతి ఉంది." ఈ వాక్యం దగ్గర నాలాంటివాళ్లు ఎంతసేపు ఆగిపోతారో మీకు చెప్పాలనిపించింది.

ఒక ఫోటో సంగతి చెబుతాను. మా నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. మా అన్నయ్య కూతురు, ఆరేళ్ల పిల్ల, కిటికీ గట్టుమీద గడ్డం ఆనించి ఊపిరి బిగబట్టి చూస్తోంది. పది నిమిషాల్లో 43 ఫ్రేములు తీశాను. ఈలోగా దారం ఎక్కింది, గుండీ కుట్టడం అయిపోయింది, వెలుగు కూడా పక్కకు జరిగిపోయింది.

43లో 34 తీసేయడానికి అరగంట పట్టింది. కళ్లు మూసుకున్నవి, ఫోకస్ కర్టెన్ మీదకు పోయినవి, పిల్ల తల కదిలిపోయినవి. మిగిలిన తొమ్మిదింటిని రెండు వారాలు ముట్టుకోలేదు. కావాలనే ఆగాను. ఫోటో తీసిన రోజు మనకు కనిపించేది ఫోటో ఒక్కటే కాదు, ఆ రోజంతా కనిపిస్తుంది. దారం ఎక్కగానే నాయనమ్మ నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. తొమ్మిది ఫ్రేముల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఆ నవ్వు లేదు. దాన్ని మరిచిపోతే తప్ప ఏ ఫ్రేములో ఏముందో నాకు తెలియదు. మీరు చూసేటప్పుడు మీకు ఆ నవ్వు వినపడదు కదా.

రెండు వారాల తర్వాత చూస్తే మూడు మిగిలాయి. ఒకదాంట్లో సూది మొన దగ్గర్నుంచి కనురెప్పల దాకా అన్నీ పదునుగా వచ్చాయి, కానీ నాయనమ్మ ముఖంలో ఏమీ లేదు. రెండోదాంట్లో ఇద్దరూ కెమెరా వైపు చూస్తున్నారు. మూడోదాంట్లో దారం కొస కాస్త మసకగా ఉంది. అయినా నాయనమ్మ నాలుక కొస పెదాల మధ్య నుంచి బయటికి వచ్చి ఉంది, పిల్ల కూడా తనకు తెలియకుండానే నాలుక అలాగే పెట్టింది. వాళ్లిద్దరూ ఒకరిలాగే ఒకరున్న క్షణం అది. నా దృష్టిలో ఫోటో అంటే అదే. మూడోదాన్నే ఎంచుకున్నాను. ఎడమా కుడీ తిప్పేసి చూశాను, రంగు తీసేసి చూశాను, గోరంత సైజుకి తగ్గించి చూశాను. వందల ఫోటోల వరసలో మీ ముందుకు మొదట ఆ చిన్న సైజులోనే రావచ్చు. అప్పుడు కూడా ఇద్దరి ముఖాలూ, మధ్యలో చేతులూ విడిగా కనిపించాలి. కనిపించాయి.

చివరగా, ఆ రోజు ఇంట్లో లేని ఒక స్నేహితుడికి ఏమీ చెప్పకుండా చూపించాను. "మొదట నీ కన్ను ఎక్కడికి పోయింది?" అని ఒక్కటే అడిగాను. ఫోటో పంపేముందు అందరూ ఈ ప్రశ్న ఎవరినైనా అడగాలని నేను నమ్ముతాను. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. మొదట ఏం కనిపించిందని అడిగితే నిజం చెబుతారు. వాడు చెప్పింది: "ఆ చార్జర్ తీగ."

నాయనమ్మ తల వెనక గోడమీద స్విచ్‌బోర్డు ఉంది. దాన్నుంచి ఒక తెల్లటి ఫోన్ చార్జర్ తీగ వేలాడుతోంది. అది వేలాడుతున్న సంగతి తీస్తున్నప్పుడు నేను చూడనే లేదు. అది నా తప్పే. చూసి ఉంటే లేచి తీసేసేవాణ్ని, లేదా ఒక అడుగు పక్కకు జరిగేవాణ్ని.

ఎడిటింగ్‌కి కూర్చున్నాను. ఫోటో రా ఫైల్‌లోనే ఉంది, అంటే సెన్సర్ చూసిందంతా కుదించకుండా దాచుకున్న ఫైలులో. మామూలుగా అందరూ పంచుకునే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయులే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. కిటికీ వెలుగులో తీసిన ఫోటోకి ఇది చాలా పెద్ద తేడా. తెల్లగా పోయిందనుకున్న కిటికీ అంచు కొంత వెనక్కి వచ్చింది, చీకట్లో మునిగిన పిల్ల జుట్టు మచ్చలు పడకుండా పైకి వచ్చింది. ఎడమ వైపు ఖాళీ గోడను క్రాప్ చేశాను. గోడలోని నీలం ఛాయ చర్మం మీద పడకుండా వైట్ బ్యాలెన్స్ సరిచేశాను. చేతుల దగ్గర కాస్త వెలుగు పెంచి, మూలల్లో తగ్గించాను. వెనకటికి డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేవాళ్లు అట్టముక్కలు, చేతులు అడ్డం పెట్టి చేసిన పనే ఇది. సెన్సర్ మీది దుమ్ము వల్ల పడిన రెండు మచ్చలు తుడిచాను. ఇవన్నీ చేయడానికి గంటన్నర పట్టింది.

తీగను తీసేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బ్రష్‌తో ఒక్కసారి గీస్తే గోడ శుభ్రంగా వచ్చేసింది. ఇక ఎవరు చూసినా కన్ను నేరుగా సూది దగ్గరికే పోతుంది.

అప్పుడు నేను పంపాలనుకున్న పోటీ నిబంధన మళ్లీ చదివాను. స్వల్ప ఎడిటింగ్‌కు అనుమతి ఉంది, ఫోటో సహజత్వం దెబ్బతినకూడదు. గంటన్నర పని స్వల్పమా, రెండు నిమిషాల పని స్వల్పమా? ఆ పోటీ నిర్వాహకులకు మెయిల్ పెట్టి, వెనక గోడమీది తీగ తీసేయవచ్చా అని అడిగాను. మీ విచక్షణకే వదిలేస్తున్నాం అని జవాబు వచ్చింది. వాళ్లు మర్యాదగానే రాశారు, కాదనను. కానీ నిబంధన పెట్టింది వాళ్లు, తప్పితే తీసేసేది వాళ్లు. మధ్యలో విచక్షణ నాది ఎలా అవుతుంది?

మార్పు ఎంత అనే కొలతతో ఈ విషయం తేలదు. ఏం మారింది అన్నదే ప్రశ్న. స్వల్పం అనే మాట మొదటిదాన్ని కొలుస్తుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో స్టెపాన్ రూడిక్ అనే ఫోటోగ్రాఫర్ బహుమతి రద్దయింది. ఆయన తన ఫోటోను చాలా ఎక్కువగా క్రాప్ చేశాడు, రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాడు, టోన్ గట్టిగా మార్చాడు. మొదటి ఫైలునూ చివరి ఫోటోనూ పక్కపక్కన పెడితే ఒకే ఫోటో అని పోల్చుకోవడం కూడా కష్టం. బహుమతి పోయింది వాటివల్ల కాదు. వెనకాల ఫ్రేములోకి వచ్చిన ఒకరి పాదం ముక్కను చెరిపేసినందుకు పోయింది. కొలిస్తే అన్ని మార్పుల్లోకీ అదే చిన్నది. ఆ పోటీ వార్తా ఫోటోలది కాబట్టి ఆ నిర్ణయం నాకు సబబుగానే తోస్తుంది. కానీ "స్వల్ప" అనే మాట పట్టుకుని నడిచే అమెచ్యూర్ సరిగ్గా ఆ పాదం దగ్గరే పడిపోతాడు.

ఇంకో వైపు ప్రకృతి దృశ్యాలకు పేరుపొందిన అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఉన్నాడు. అమెరికాలోని న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరిమీద చంద్రోదయాన్ని ఆయన 1941లో తీశాడు. తర్వాత దశాబ్దాల పాటు అదే నెగటివ్ నుంచి మళ్లీ మళ్లీ ప్రింట్లు వేస్తూ పోయాడు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో, పల్చటి మబ్బులతో ఉంటుంది. తర్వాతి ప్రింట్లలో దాదాపు నల్లగా అయిపోతుంది. మార్పు అని చూస్తే చాలా పెద్ద మార్పు. కానీ చంద్రుడు ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు, సమాధుల మీది శిలువలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆయన ప్రింట్‌ను మీ పోటీకి పంపితే స్వల్ప ఎడిటింగ్ కిందికి వస్తుందా? మీలో కొందరు వస్తుందంటారు, కొందరు రాదంటారు. ఇద్దరి దగ్గరా ఉన్నది అదే ఒక్క వాక్యం.

స్పష్టంగా రాయడం కుదరదని మాత్రం అనకండి. రాసినవాళ్లు ఉన్నారు. ప్రకృతి ఫోటోల విభాగానికి ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య), ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ మూడూ కలిసి ఒకే నిర్వచనం తయారుచేసుకున్నాయి. క్రాప్ తప్ప మరే విధంగానూ ఫోటోలోని వస్తువులను చేర్చడం, తీసేయడం, జరపడం, మార్చడం కుదరదు. దుమ్ము మచ్చలు, నాయిస్ (వెలుగు చాలనప్పుడు పడే సన్నటి చుక్కలు), ఫిల్మ్ మీది గీతలు తీసేయవచ్చు, ఎందుకంటే అవి కెమెరా తెచ్చిపెట్టినవి, దృశ్యంలోవి కావు. డాడ్జింగ్, బర్నింగ్ (కొన్నిచోట్ల వెలుగు పెంచడం, తగ్గించడం), హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫ్రేములు కలపడం), ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు చోట్ల ఫోకస్ చేసిన ఫ్రేములు కలపడం) చేయవచ్చు.  నలుపు తెలుపు చేయవచ్చు. చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. చదివాక నా తీగ సంగతి ఎవరినీ అడగక్కర్లేదు, ఆ విభాగంలో దాన్ని తీయకూడదు, అంతే. నాకు నచ్చినా నచ్చకపోయినా ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

అన్ని విభాగాలకూ ఇదే కఠినత్వం ఉండాలని నేను అనను. ఊహతో కట్టిన ఫోటోలకు, నాలుగు ఫ్రేములు కలిపి చేసిన చిత్రాలకు వేరే విభాగం పెట్టండి, అక్కడ ఆకాశాన్నే మార్చుకోనివ్వండి. ఆ పని కూడా నేర్పుతో కూడిందే, దాన్ని తక్కువ చేయను. ఏ గదిలో ఏది చెల్లుతుందో తలుపు మీద రాయమనే అడుగుతున్నాను.

ఇప్పుడు ఈ స్పష్టత ఇంకా ఎక్కువ అవసరం. ఫోన్‌తో రాత్రిపూట తీస్తే, మనం బటన్ నొక్కేది ఒక్కసారే అయినా ఫోన్ లోపల చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. "కంపోజిట్ ఫోటోలు అంగీకరించం" అని, అంటే పలు ఫ్రేములు కలిపి చేసినవి వద్దని మీరు రాస్తే, ఆ ఫోన్ ఫోటో పంపినవాడు తనకు తెలియకుండానే నిబంధన దాటినట్టా? ఏఐతో నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడొచ్చా? ఫ్రేము చాలకపోతే అంచుల్లో గోడను ఏఐతో పెంచుకోవడం? మొదటిది చాలామంది రోజూ వాడుతున్నారు. రెండోది కెమెరా చూడనిదాన్ని పుట్టిస్తుంది. "ఏఐ వాడరాదు" అనే రెండు మాటల్లో ఇవి రెండూ ఒకే గాటన పడిపోతాయి. 2023లో సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచిన బోరిస్ ఎల్డాగ్సెన్, తన చిత్రం ఏఐతో చేసిందని చెప్పి అవార్డు తిరస్కరించాడు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే అనే ఫోటోగ్రాఫర్ దీనికి తిరగేసి చేశాడు. తల కనిపించకుండా ఒళ్లు గోక్కుంటున్న ఫ్లమింగో అసలు ఫోటోను ఒక పోటీలో ఏఐ విభాగానికి పంపాడు. జ్యూరీ దానికి మూడో స్థానం ఇచ్చింది, ప్రజల ఓటులోనూ అదే గెలిచింది. కెమెరాతో తీసిందని చెప్పాక దాన్ని పోటీ నుంచి తీసేశారు. అనుభవమున్న కళ్లే అటూ ఇటూ తేల్చుకోలేకపోయాయి. అందుకే చూసి పట్టుకోగలమన్న నమ్మకం మీద పోటీలు నడపకండి.

అసలు ఫైలు అడగండి. వచ్చినవాటన్నిటికీ అక్కర్లేదు, చివరి వడపోతకు మిగిలిన పది ఇరవై ఫోటోలకు చాలు. రా ఫైలు, లేదా ఫోన్ అయితే కెమెరా ఇచ్చిన మొదటి జేపెగ్, దాంతోపాటు ముందూ వెనకా తీసిన ఒకటి రెండు ఫ్రేములు. వరల్డ్ ప్రెస్ ఫోటో ఇలా అడిగి సరిపోల్చినప్పుడు, 2015లో చివరి వడపోతకు ముందు దశ దాకా వచ్చిన ఫోటోల్లో 20 శాతం తీసేయాల్సి వచ్చింది. వృత్తిలో ఉన్నవాళ్ల పరిస్థితే అది. ఆ తర్వాత వాళ్లు నిబంధనలను ఉదాహరణలతో సహా విడమరిచి చెప్పడం మొదలుపెట్టారు.

ఫైలు ఒక్కటే అంతా చెప్పదన్నది కూడా నిజమే. 2009లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ అనే అడవి జంతువుల ఫోటోల పోటీలో గెలిచిన తోడేలు ఫోటోను, అది పెంచి శిక్షణ ఇచ్చిన జంతువు అయ్యే అవకాశమే ఎక్కువని తేల్చి, 2010 జనవరిలో నిర్వాహకులు తీసేశారు. ఫోటోగ్రాఫర్ ఆ మాట ఒప్పుకోలేదు. ఆ గొడవ ఎడిటింగ్ గురించి కానే కాదు. కాబట్టి ఫోటో ఎలా తీశారో రెండు మూడు వాక్యాలు రాయమని కూడా అడగండి. రాయడానికి మాకు అభ్యంతరం లేదు. నిజం చెప్పాలంటే, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తుంటాం.

నాయనమ్మ ఫోటో విషయంలో చివరికి నేను ఏం చేశానో చెప్పలేదు. మెయిల్‌కు వచ్చిన జవాబు చూశాక టెన్షన్ పెరిగింది. తీగ ఉంచి పంపితే చూపు అక్కడే ఆగిపోతుంది, తీసేసి పంపితే రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? చివరికి ఆ ఫోటో పంపనే లేదు. మెట్లమీద పడిన నీడల ఫోటో ఒకటి ఉంటే అది పంపాను. చక్కగా గీతలు గీసినట్టు ఉంటుంది, అందులో తీయాల్సింది ఏమీ లేదు. అందులో మనిషి కూడా లేడు. నా దగ్గరున్న మంచి ఫోటోను పక్కనపెట్టి, ఎవరూ ప్రశ్న వేయని ఫోటోను పంపాను. ఇలా ఇంకెంతమంది చేశారో మీకు తెలిసే అవకాశం లేదు. మీ దగ్గరికి రాని ఫోటోల లెక్క మీకు రాదు కదా. స్పష్టత లేని నిబంధన వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. మోసం చేయాలనుకున్నవాణ్ని ఆ వాక్యం ఆపదు. జాగ్రత్తగా ఉండేవాడు మాత్రం ఫోటోను కంటితో ఎంచుకోవడం మానేసి భయంతో ఎంచుకుంటాడు.

ఫలితాలు వచ్చాక గెలిచిన ఫోటోలు చూశాను. ఒకదాంట్లో సూర్యుడు మనుషుల వెనక కుడివైపు ఉన్నాడు, నీడలు కూడా కుడివైపుకే, సూర్యుడి వైపుకే పడుతున్నాయి. అలా జరగదు. ఆ ఫోటో తీసిన వ్యక్తిని నేను తప్పు పట్టడం లేదు. ఆకాశం మార్చడం స్వల్పమే అని ఆ వ్యక్తి నిజాయితీగా అనుకుని ఉండొచ్చు, ఆ సాఫ్ట్‌వేర్‌లో అది ఒక్క క్లిక్కే. అక్కడ వాడిన విచక్షణ కూడా మీరు వదిలేసిందే.

ఇంకో చిన్న విన్నపం. మా ఫోటోను ఏ సైజులో, ఏ తెరమీద చూస్తారో ముందే చెప్పండి. పొడవైన అంచు ఇన్ని పిక్సెళ్లు, రంగు ఎస్ఆర్‌జీబీ (చాలా తెరలు వాడే రంగుల పద్ధతి) అని రాస్తే చాలు. ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీ పద్ధతిలో సేవ్ చేసిన ఫోటో ఆ సంగతి పట్టించుకోని తెరమీద పాలిపోయి కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఇది తెలియదు, ఫోటో బాగాలేదు అనుకుంటారు. షార్ప్‌నెస్ కూడా సైజు తగ్గించాక చివర్లో ఇవ్వాల్సింది. మేం పంపిన పెద్ద ఫైలును మీ దగ్గర మళ్లీ కుదిస్తే, గంటలు కూర్చుని నీడల్లో నిలబెట్టిన వివరం పోతుంది. ప్రింట్ వేస్తామంటే అదీ చెప్పండి, 3000 పిక్సెళ్లు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర పది అంగుళాలకు మించి రావు. ఫోటో మీద హక్కుల సంగతి వేరే లేఖకు సరిపోయేంత ఉంది. ఇక్కడ ఒక్కమాటే చెబుతాను, పంపిన ప్రతి ఫోటోనూ ఎప్పటికీ ఎక్కడైనా వాడుకుంటాం అనే షరతు దయచేసి తీసేయండి.

వీలైతే, చివరి వడపోతలో పోయిన ఫోటోలకు ఒక్కో వాక్యం రాయండి. "వెనక గోడ చూపును లాగుతోంది" అంటే చాలు. నా స్నేహితుడు అన్నదీ అంతే, రెండు మూడు మాటలే. అప్పటినుంచి బటన్ నొక్కేముందు ముఖం వెనక ఏముందో చూసుకోవడం నాకు అలవాటైంది.

నాయనమ్మ ఫోటో నా కంప్యూటర్‌లో రెండు ఫైళ్లుగా ఉంది. ఒకదాంట్లో తీగ ఉంది, ఒకదాంట్లో లేదు. ఏ విభాగానికి ఏది పంపాలో మీ ప్రకటన చదివితే తెలియాలి. ఈ మధ్య ఆమెకు చూపు ఇంకా తగ్గింది, దారం ఇప్పుడు పిల్లే ఎక్కించి ఇస్తోంది. మీ తర్వాతి ప్రకటన రాగానే నేను ముందు చదివేది ఎడిటింగ్ గురించి రాసిన పేరానే.

ఇట్లు,
ఏటా మీ పోటీలకు ఫోటోలు పంపే ఒక అమెచ్యూర్